వినయపూర్వకంగా ప్రకటించునది ఏమనగా...

నా ఉద్యోగమంతా పర్సనల్ డిపార్ట్‌మెంటులోనే గడిచింది. ఇప్పుడు దాన్ని హెచ్‌ఆర్ అంటున్నారు. రిటైరయ్యాక కూడా హైదరాబాదులో రెండు మూడు కంపెనీలు ఇంటర్వ్యూ ప్యానెళ్ళకు పిలుస్తుంటాయి కాబట్టి లింక్డ్‌ఇన్ చూడక తప్పదు. తెరవగానే ఒకాయన వినయంగా గర్విస్తుంటాడు, ఒకావిడ గర్వంగా వినయపడుతుంటుంది. విసుగెత్తినవాడు, ఓడిపోయినవాడు, నెలాఖరు జీతం కోసం మాత్రమే పనిచేసేవాడు మందుకు కూడా కనిపించడు. అందరూ ఏదో ఒక మహాప్రయాణంలోనే ఉంటారు, టికెట్టు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మా బంధువుల పిల్లలు 'ఇందులో పోస్టులు ఎలా పెట్టాలి, అసలు పెట్టాలా వద్దా' అని అడుగుతుంటారు. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలను ఇక్కడ వరసగా పెడుతున్నాను.

1. డబ్బా పాతదే

సొంత డబ్బాను లింక్డ్‌ఇన్ కనిపెట్టలేదు. మన దగ్గర కొన్ని సన్మానాలు ఎలా జరుగుతాయో తెలిసినవాడికి ఇందులో వింతేమీ ఉండదు. హాలు అద్దె కట్టేది సన్మానగ్రహీతే. శాలువా ఆయన కొన్నదే. సన్మాన పత్రంలో విశేషణాలు ఆయన రాసిచ్చినవే, ప్రెస్సుకు వెళ్ళి ప్రూఫులు దిద్దుకున్నదీ ఆయనే. సాయంత్రం వేదిక మీద మాత్రం 'ఇవన్నీ నాకెందుకండీ' అంటూ మెలికలు తిరుగుతాడు.

అయితే ఆ సన్మానానికి ఒక కాపలా ఉండేది. ముందు వరసలో కూర్చున్న మిత్రులకు అసలు సంగతి తెలుసు. వాళ్ళ ముసిముసి నవ్వులు వేదిక మీదికి కనిపించేవి. మరీ ఎక్కువ కోస్తే 'ఏరా, నువ్వెప్పుడు చేశావురా ఇదంతా' అని టీ దగ్గర అడిగేవాళ్ళు. లింక్డ్‌ఇన్‌లో నచ్చలేదని చెప్పే మీట లేదు. నవ్వుకునేవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు నవ్వుకుంటారు. చప్పట్లు మాత్రం లెక్కతో సహా కనిపిస్తాయి. మనిషి చెడిపోవడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఏముంటుంది?

2. కొట్టు ఎవరిదో తెలుసుకో

కాలిఫోర్నియాలో రీడ్ హాఫ్‌మన్ అనే ఆయన, మరికొందరు కలిసి 2002 చివర్లో ఆయన ఇంటి హాల్లోనే ఈ సైటు పని మొదలుపెట్టారు. 2003 మేలో జనానికి తెరిచారు. చాలా ఏళ్ళు అది బయోడేటా పెట్టుకునే చోటు, పాత సహోద్యోగుల ఆచూకీ దొరికే చోటు, అంతే. 2012లో పేరున్నవాళ్ళ చేత వ్యాసాలు రాయించడం మొదలైంది. 2014లో ఆ అవకాశం మిగతా అందరికీ ఇచ్చారు. 2016లో మైక్రోసాఫ్ట్ 26.2 బిలియన్ డాలర్లు పోసి కొనేసింది. కొన్న సీఈఓ సత్య నాదెళ్ళ మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నవాడే. సభ్యుల లెక్కలో అమెరికా తర్వాతి స్థానం మన దేశానిదే. కాబట్టి ఈ గోలలో మన వాటా తక్కువేమీ కాదు.

ఆ సైటుకు డబ్బు వచ్చేది రిక్రూటర్లు కట్టే చందాల నుంచి, ప్రకటనల నుంచి, ప్రీమియం సభ్యత్వాల నుంచి. బయోడేటా మనం ఏడాదికోసారి దులుపుతాం. దానికోసం ఎవడూ రోజూ రాడు. రోజూ రావాలంటే అక్కడ రోజూ ఏదో ఒకటి జరుగుతుండాలి. రాత్రి పదకొండింటికి నువ్వు కళ్ళు నులుముకుంటూ రాసే పోస్టుతో ఆ లోటు తీరుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. రాయొద్దని అనను. ఎవరి కొట్టులో ఊరికే పనిచేస్తున్నావో తెలుసుకుని రాయి.

3. వంటకం తెలిస్తే మోజు పోతుంది

ఆ పోస్టులన్నీ ఒక్కలాగే ఎందుకుంటాయంటే, తెర మీద మొదటి రెండు మూడు లైన్లే కనిపిస్తాయి. మిగతాది చదవాలంటే 'ఇంకా చూడండి' అన్న చోట నొక్కాలి. నొక్కించాలంటే మొదటి లైనులోనే గుండె ఆగినంత పని చేయాలి. తర్వాత లైనుకో వాక్యం, వాక్యానికో ఖాళీ. ఒక పేదవాడు, ఒక కన్నీటి బొట్టు, మూడు పాఠాలు, చివర్లో ఒక ప్రశ్న. మచ్చుకి నేనే ఒకటి వండాను, రుచి చూడండి:

నిన్న ఒక ఆటో డ్రైవర్ నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు.

అవును. మీరు సరిగ్గానే చదివారు.

మాదాపూర్ నుంచి అమీర్‌పేట వెళ్ళాలి.

మీటరు మీద రమ్మన్నాను.

ఆయన నవ్వాడు.

'సార్, మీటరు బండికి ఉంటుంది, విలువకు ఉండదు.'

నా కళ్ళు చెమర్చాయి.

ఆ క్షణమే నాలోని మేనేజరుకు రిలీవింగ్ లెటర్ ఇచ్చి, లీడరుకు ఆఫర్ లెటర్ ఇచ్చాను.

నేర్చుకున్న 3 పాఠాలు: ధర వేరు, విలువ వేరు. ప్రతి ప్రయాణానికీ ఒక డ్రైవర్ కావాలి. మా కంపెనీ సేల్స్ సాఫ్ట్‌వేర్ మీద ఈ నెలాఖరు దాకా 20 శాతం తగ్గింపు ఉంది.

మీరేమంటారు?

నేనేమంటానంటే, ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఆటోలెక్కుతున్నాను, ఏ డ్రైవరూ నాకు విలువల గురించి బోధించలేదు. 'అన్నా, అటు నుంచి రిటర్న్ గిరాకీ ఉండదు, యాభై ఎక్కువియ్యి' అన్నవాళ్ళే అందరూ. నిజానికి అందులోనే గట్టి వ్యాపార సూత్రం ఉంది. ఖాళీగా వెనక్కి వచ్చే ఖర్చు కూడా వెళ్ళేటప్పటి ధరలోనే కలపాలని ఆయనకు తెలుసు. కానీ అది రాస్తే మనం ఏడవడానికి చోటుండదు, ఆయన మనకన్నా తెలివైనవాడని ఒప్పుకోవాల్సి వస్తుంది. అందుకే ఎవరూ రాయరు.

ఈ వంటకం ఎంత అరిగిపోయిందంటే, 2022లో ఒకాయన సరదాకి ఒక యంత్రమే తయారుచేశాడు. ఈ రోజు ఏం చేశారో, ఏ నీతి చెప్పదలిచారో, పాఠకుడు ఎంతగా ముడుచుకుపోవాలో చెబితే చాలు, అచ్చమైన పోస్టు రాసిచ్చేది. జనం పడీపడీ నవ్వారు. ఇప్పుడు ఏఐ చేత అదే పని సీరియస్‌గా చేయించుకుంటున్నారు, ఎవరూ నవ్వడం లేదు.

4. ఇంకొకరి కష్టాన్ని వేదిక చేసుకోకు

2022 ఆగస్టులో అమెరికాలో ఒక చిన్న మార్కెటింగ్ సంస్థ సీఈఓ ఇద్దరు ఉద్యోగులను తీసేసి, ఆ బాధతో తాను ఏడుస్తున్న ఫొటో లింక్డ్‌ఇన్‌లో పెట్టాడు. ప్రపంచమంతా తిట్టింది. అదే నెలలో మన దేశంలో ఒక సీఈఓ, ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు మొదటి నాలుగైదేళ్ళు రోజుకు 18 గంటలు పనిచేయాలని, ఊరికే ఏడవొద్దని హితవు చెప్పాడు. ఆయన మీదా దుమారం లేచింది, చివరకు క్షమాపణ చెప్పుకున్నాడు. ఒకాయన తాను ఏడ్చాడు, ఇంకొకాయన కుర్రాళ్ళను ఏడవొద్దన్నాడు. ఇద్దరి పోస్టుల్లోనూ నాయకుడు తానే, కష్టపడేది వేరేవాళ్ళు.

ఉద్యోగం పోయిందని చెప్పే గదిలో నేను చాలాసార్లు కూర్చున్నాను. ఎదుటి మనిషి మన కళ్ళలో నీళ్ళున్నాయా లేదా అని చూడడు. ఫుల్ అండ్ ఫైనల్ ఎప్పుడు వేస్తారు? రిలీవింగ్ లెటర్ ఎప్పుడిస్తారు? గ్రాట్యుటీ వస్తుందా? అమ్మకు ఆపరేషన్ ఉంది, ఇన్సూరెన్స్ ఏ తారీఖు దాకా పనిచేస్తుంది? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చేతిలో పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళినవాడే మంచి మేనేజరు. అతను దాని మీద పోస్టు పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

5. ఇంటివాళ్ళను కేస్ స్టడీ చేయకు

2024లో ఒక అమెరికా కుర్రాడు తాను ప్రేమించిన అమ్మాయికి పెళ్ళి ప్రస్తావన చేసి, దానినుంచి సేల్స్ గురించి ఏమి నేర్చుకున్నాడో ఫొటోతో సహా రాశాడు. అది లోకమంతా తిరిగింది. వేళాకోళానికి రాశాడో నిజంగానే రాశాడో చాలామందికి అర్థం కాలేదు. ఆ అయోమయమే ఆ సైటు గురించి అంతా చెబుతుంది.

మనవాళ్ళేమీ తీసిపోలేదు. ఇక్కడ నాలుగేళ్ళ పిల్ల అన్నం తింటూ 'నాన్నా, ఫెయిల్యూర్ అంటే ఫీడ్‌బ్యాకే కదా' అంటుంది. ఏ నాలుగేళ్ళ పిల్లా అలా అనదు, 'పప్పు వద్దు' అంటుంది. తండ్రి కర్మకాండలు పూర్తికాకముందే ఆయన నేర్పిన నాయకత్వ లక్షణాలు అయిదు అని జాబితా వస్తుంది. ఆ తండ్రి నిజంగానే గొప్పవాడై ఉంటాడు. కానీ ఆయన పాతికేళ్ళు సైకిలు తొక్కింది కొడుకు కన్సల్టెన్సీకి ఫాలోయర్లు పెరగడానికి కాదు. పెళ్ళి, పురుడు, చావు: ఈ మూడింటిలో నువ్వు ఉద్యోగివి కావు. వాటి మీద హ్యాష్‌ట్యాగ్ వేయకు.

6. చప్పట్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడు

లైకులు ఎలా వస్తాయో బయటివాళ్ళకు తెలియదు, ఆఫీసులో ఉన్నవాళ్ళకు బాగా తెలుసు. వాట్సాప్ గ్రూపులో లింకు పడుతుంది: 'గైస్, ప్లీజ్ లైక్ అండ్ కామెంట్, ఫస్ట్ అవర్ ఇంపార్టెంట్.' పదిహేను మంది వెళ్ళి 'వెల్ సెడ్ సర్' అని రాసి వస్తారు. వాళ్ళలో సగం మంది చదివి ఉండరు. రేపు వాళ్ళ పోస్టుకు ఈ లింకు పెట్టినాయన వెళ్తాడు. అప్రైజల్ దగ్గరపడ్డ నెలలో మేనేజర్ల వాక్యాలకు ఒక్కసారిగా లోతు పెరుగుతుంది, గమనించండి.

2012లో నైపుణ్యాలకు సాక్ష్యం చెప్పే పద్ధతి కూడా పెట్టారు. ఒక్క నొక్కుతో నీకు ఫలానాది వచ్చునని ఎవరైనా ధ్రువీకరించవచ్చు. నాకు స్ట్రాటజిక్ ప్లానింగులో ప్రావీణ్యం ఉందని మా తోడల్లుడు ధ్రువీకరించాడు. ఆయనకు నా వ్యూహరచనతో ఉన్న పరిచయమంతా సంక్రాంతి పేకాట వరకే, అందులోనూ ఎక్కువసార్లు గెలిచింది ఆయనే. ఇలాంటి సాక్ష్యాలు ఎన్ని పోగైనా ఇంటర్వ్యూ గదిలో ఒక్కటీ చెల్లదు.

7. కర్ణపర్వం మర్చిపోకు

యుద్ధంలో కర్ణుడి చేతిలో దెబ్బలు తిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు, కర్ణుణ్ణి ఇంకా చంపలేదా అని అర్జునుడి మీద విరుచుకుపడ్డాడు. గాండీవం ఇంకొకరికి ఇచ్చేయమన్నాడు. ఆ మాట అన్నవాణ్ణి చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ ఉంది. కత్తి దూశాడు. కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ణి తూలనాడితే చంపినట్టే, ఆ పని చేసి ప్రతిజ్ఞ తీర్చుకోమన్నాడు. అన్నను నానా మాటలూ అన్నాక అర్జునుడు తన ప్రాణం తీసుకోబోయాడు. దానికీ కృష్ణుడే ఉపాయం చెప్పాడు: నిన్ను నువ్వు పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం. అర్జునుడు పొగుడుకున్నాడు, లెక్క సరిపోయింది.

అక్కడ పొగుడుకున్నవాడు నిజంగానే అంతటివాడు. చెప్పుకున్నవాటిలో గోరంతలు కొండంతలు చేసిందేమీ లేదు. అయినా అది చావుకింద జమ అయింది. కారణం నాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. తన పని గురించి తానే చెప్పుకునేటప్పుడు మనిషి చేసే మొదటి పని పక్కవాళ్ళను చెరిపేయడం. రథం తోలినవాడు ఉండడు, గుర్రాలకు నీళ్ళు పెట్టినవాడు ఉండడు. 'నేను 12 మంది టీమును నడిపించి' అన్న వాక్యంలో 12 అంకె మిగులుతుంది, మనుషులు పోతారు. ఆ 12 మందీ ఆ పోస్టు చదువుతారు. రేపు నీ పేరు వాళ్ళ నోట ఎలా వస్తుందో అప్పుడే నిర్ణయమైపోతుంది.

8. ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది వేరు

పేరోల్ చూసుకునే మనిషి కోసం ఒకసారి ప్యానెల్లో కూర్చున్నాం. ఒక అభ్యర్థి ప్రొఫైల్ తెరిస్తే పేరు కింద ఛేంజ్ మేకర్, స్టోరీ టెల్లర్, పీపుల్ ఫస్ట్ అని గీతలు గీతలుగా ఉంది. పోస్టులకు వేలల్లో లైకులు. నేనడిగింది చిన్న ప్రశ్న: 'ఒకతని జీతం ఆగస్టులో 21 వేలు దాటింది. ఈఎస్‌ఐ కోత ఎప్పుడు ఆపుతారు?' ఆయన ఎంప్లాయీ వెల్‌నెస్ ఎకోసిస్టమ్ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆగస్టు అలాగే ఉండిపోయింది.

తర్వాత వచ్చినమ్మాయి ప్రొఫైల్లో ఫొటో కూడా లేదు. అదే ప్రశ్నకు ఆలోచించకుండా చెప్పింది: 'సెప్టెంబరు దాకా కొయ్యాలి సార్. కాంట్రిబ్యూషన్ పీరియడ్ అప్పటికి అవుతుంది కదా. మా పాత కంపెనీలో మధ్యలోనే ఆపేశారు, ఇన్‌స్పెక్షన్‌లో పట్టుకున్నారు. నేనూ అకౌంట్స్ మేడమూ కూర్చుని చలాన్లన్నీ సరిచేశాం. దారి ఆవిడే చూపించారు సార్.' ప్యానెల్లో ఉన్న ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పని తెలుసు, తప్పు ఎక్కడ జరుగుతుందో తెలుసు, పక్కన కూర్చున్న మనిషిని మర్చిపోలేదు. ఆ ఉద్యోగం ఆమెకే వెళ్ళింది.

ఇంకో సంగతి. అమీర్‌పేటలో కోర్సుతో పాటు అనుభవం కూడా అమ్మేవాళ్ళున్నారని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే కంపెనీలు యూఏఎన్ సర్వీస్ హిస్టరీ అడుగుతాయి. ఏ కంపెనీలో ఏ తేదీన చేరావో, ఏ తేదీన వదిలావో పీఎఫ్ ఆఫీసు లెక్కల్లో ఉంటుంది. దానికి స్టోరీ టెల్లింగ్ రాదు. ఆ తర్వాత నీ పాత మేనేజరుకు ఒక ఫోను వెళ్తుంది. 'మళ్ళీ అవకాశం వస్తే తీసుకుంటారా?' అని అడుగుతాం. అవతల ఒక్క క్షణం ఆగితే చాలు, నీ పోస్టులన్నీ ఆ ఒక్క క్షణం ముందు దిగదుడుపే.

9. అవసరంలో ఉన్నవాణ్ణి చూసి నవ్వకు

ఇంతా వెక్కిరించాక ఇది చెప్పకపోతే పాపం. 2020లో లింక్డ్‌ఇన్ ఫొటో చుట్టూ ఆకుపచ్చ చుట్టు తెచ్చింది, పనికి సిద్ధంగా ఉన్నానని చెప్పే గుర్తు. దాన్ని చూసి మొహం చిట్లించేవాళ్ళున్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్1బీ వీసా మీద ఉన్న మన పిల్లవాడికి ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సరును వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులే గడువు. ఇంటి లీజు, పిల్లల బడి, కారు అప్పు అన్నీ ఆ 60 రోజుల మీదే వేలాడుతుంటాయి. వాడు రోజుకు నాలుగు పోస్టులు పెట్టినా నేను తప్పుపట్టను.

నరసరావుపేటలోనో కోదాడలోనో ఇంజినీరింగ్ చదివిన అమ్మాయికి కంపెనీల్లో మేనమామలు ఉండరు. మా రోజుల్లో రికమండేషన్ ఉత్తరం పట్టుకుని ఎవరింటి అరుగు మీదో కూర్చునేవాళ్ళు. తెలిసినవాళ్ళున్నవాడికి ఒక ఫోను చాలు, లేనివాళ్ళకు పోస్టే దిక్కు. 'నాకు ఇది వచ్చు, పని కావాలి' అని చెప్పుకోవడం డబ్బా కాదు. ఆ అమ్మాయి పోస్టులో ఇంగ్లీషు తప్పులు వెతికేవాళ్ళు, డైరెక్టరు గారి పోస్టు కింద 'ఇన్‌స్పైరింగ్ సర్' అని రాసి వచ్చినవాళ్ళే. నవ్వాలనుకుంటే పైమెట్టు మీద ఉన్నవాణ్ణి చూసి నవ్వు. కింది మెట్టు మీద ఉన్నవాళ్ళ బయోడేటా చేతనైతే ఎవరికైనా పంపు.

10. రాయక తప్పకపోతే ఇలా రాయి

ఏం చేశావో ఒక వాక్యంలో చెప్పు. ఎన్ని గంటల పని ఎన్నిటికి తగ్గిందో, ఎన్ని బిల్లులు ఆగిపోకుండా వెళ్ళాయో, లెక్క ఉంటే లెక్క చెప్పు. ఎక్కడ ఇరుక్కుపోయారో రాయి, ఆ పనిలో ఉన్న ఇంకొకడికి పనికొస్తుంది. ఎవరు దారి చూపించారో పేరుతో, వాళ్ళు చేసిన పనితో సహా రాయి. 'నా అద్భుతమైన టీముకు ధన్యవాదాలు' అంటే ఎవరికీ చెప్పనట్టే. నీతి రాయకు, అవసరమైనవాడు తనంతట తానే తీసుకుంటాడు. ఆనందంగా ఉంటే ఆనందంగా ఉందని రాయి, వినయం వేషం వేయకు.

రాశాక వెంటనే పెట్టకు. ఆ పనిలో నీతో పాటు రాత్రి దాకా కూర్చున్న మనిషికి ముందు పంపు. చదివి 'సరిగ్గా రాశావు' అంటే నిశ్చింతగా పెట్టుకో. 'మరి నేనెక్కడ?' అని అడిగితే తిరగరాయి. అలా పంపడానికి నీకు మొహం చెల్లకపోతే ఆ పోస్టు చెరిపేసి హాయిగా పడుకో, పొద్దున్నే ఆఫీసుంది.